మార్కులకు దిష్టి చుక్క

ఇప్పుడిప్పుడే బడుల్లో చేరుతున్న టీచర్లు దారిలో కనిపిస్తే పలకరిస్తుంటారు. "మీ రోజుల్లో చదువులు నిఖార్సుగా ఉండేవి కదా మేడం" అంటారు. నేను కాదనను. మర్యాదకు అన్న మాటను లెక్కల టీచరు తప్పని నిరూపించకూడదు. కానీ ఈ మధ్య ఒకమ్మాయి మరీ పట్టుబట్టి, మీ సర్వీసులో మరిచిపోలేని విజయం ఏదైనా చెప్పండి అని అడిగింది. విజయమో కాదో తెలియదు గానీ, మరిచిపోలేనిది ఒకటుంది. అది చెబుతాను.

మా బడి అమీర్‌పేటలో, పెద్ద రోడ్డు వెనక సందులో ఉండేది. ఆ సందులో మనుషులకంటే బోర్డులెక్కువ. నెలన్నరలో ఉద్యోగం అని ఒక బోర్డు, వారంలో ఇంగ్లీషు అని ఇంకో బోర్డు. వాటి మధ్య, పదేళ్ళు చదివితే పదో తరగతి అనే మా బోర్డు వెలవెలబోతూ ఉండేది. పిల్లలు తక్కువే. పదో తరగతికి ఒక్కటే సెక్షను. దానికి లెక్కలు చెప్పేదాన్నీ నేనే, క్లాసు టీచర్నీ నేనే.

పదో తరగతిలో సబ్జెక్టుకు నూరు మార్కులని మీకు తెలుసు. ఎనభై పబ్లిక్ పరీక్షకు. మిగిలిన ఇరవై, ఏడాది పొడవునా పిల్లల పని చూసి బడి టీచర్లు వేయాలి. "చూసి వేయాలి" అన్నది ప్రభుత్వం మాట. అందులో "వేయాలి" అన్నంతవరకు మేం తు.చ. తప్పకుండా పాటించాం. ఎదురుగా ఉన్న బడి ఇరవైకి ఇరవై వేస్తుంటే మనం పదిహేను వేసి మన పిల్లల నోట్లో మట్టి కొడతామా అని మా కరస్పాండెంట్ గారు అడిగేవారు. ఎదురు బడి కరస్పాండెంట్ గారు కూడా తన స్టాఫును ఇదే మాట అడిగేవారని తర్వాత తెలిసింది.

ఆ మార్కులు సవ్యంగా వేశామో లేదో చూడటానికి వేరే బడుల టీచర్లు పరిశీలనకు వచ్చేవారు. వాళ్ళకి బిర్యానీ పంజాగుట్ట నుంచి తెప్పించేవాళ్ళం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషులు కారు పాపం. అయినా వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. క్లాసు మొత్తానికి ఇరవైకి ఇరవై ఉంటే ఎవరికైనా సంతకం పెట్టేటప్పుడు చెయ్యి కాస్త వణుకుతుంది. ఆ వణుకు పోగొట్టడానికి మా కరస్పాండెంట్ గారు ఒక ఉపాయం కనిపెట్టారు. ముద్దొచ్చే బిడ్డకు దిష్టి తగలకుండా బుగ్గన నల్లచుక్క పెడతాం కదా. అలాగే అందరికీ పందొమ్మిదో ఇరవయ్యో వేసి, ఒక్కరికి మాత్రం రెండు మూడు సబ్జెక్టుల్లో పద్నాలుగు వేయాలి. వచ్చినవాళ్ళు ఆ పద్నాలుగు దగ్గర వేలు పెట్టి, "ఫర్వాలేదే, చూసే వేస్తున్నారు" అని రాసుకుని, చేయి కడుక్కుని వెళ్ళిపోయేవారు. స్టాఫ్ రూంలో దాన్ని దిష్టి చుక్క అనేవాళ్ళం.

ఆ చుక్క ఎవరి బుగ్గన పెట్టాలన్నదే అసలు విద్య. చదవనివాడికి పెడితే వాడు పబ్లిక్‌లోనూ తప్పి బడి పరువు తీస్తాడు. కాబట్టి బాగా చదివేవాళ్ళకే పెట్టాలి. ఎనభైకి డెబ్బై ఎనిమిది తెచ్చుకునే పిల్లకు బడి మార్కులు పద్నాలుగైనా మొత్తం తొంభై దాటుతుంది, పై గ్రేడు ఎక్కడికీ పోదు. ఇది పైకి చెప్పే సూత్రం. చెప్పనిది ఇంకోటుంది. మా పిల్లకు ఎందుకు తగ్గిందని తల్లిదండ్రులు వచ్చి నిలదీయకూడదు.

ఆ సంవత్సరం ఈ రెండు అర్హతలూ నిండుగా ఉన్న పిల్ల ఒకతి దొరికింది.

బోరబండ నుంచి వచ్చేది. వాళ్ళది పాలమూరు వైపు పల్లె. తండ్రి బడికీ షాపులకీ ఫ్లెక్సీలు కట్టేవాడు, పండగల ముందు సున్నం వేసేవాడు. మా బడి పనులు చేసిపెడుతున్నాడని పిల్లకు ఫీజులో తగ్గింపు ఇచ్చారు. తగ్గింపు పుచ్చుకున్నవాడు నిలదీయడు. చిన్నప్పుడు తల్లిదండ్రులు పని దొరికిన చోటల్లా గుడిసె మార్చుకుంటూ తిరగడం వల్ల ఆ పిల్ల బడిలో ఒక ఏడాది ఆలస్యంగా చేరింది. క్లాసులో అందరికంటే పెద్ద. దాంతో తోటి పిల్లలు "అక్కా" అని ఏడిపించేవారు. ఎన్నిసార్లు పిలిచినా ఆ పిలుపుకు పలికేది కాదు. ప్రాజెక్టు రాయాల్సి వస్తే మాత్రం ఆ అక్కే దిక్కు. ఆమె ఒకటి రాస్తే క్లాసు మొత్తం దాన్ని దించుకునేది.

ఆమెకు ఒకటే లక్ష్యం. పదో తరగతి గ్రేడు చూసి సీటిచ్చే ప్రభుత్వ కాలేజీ ఒకటుంది. ప్రవేశ పరీక్ష లేదు. సీటొస్తే ఆరేళ్ళు హాస్టలు, భోజనం, చివర్లో ఇంజనీరింగు డిగ్రీ. రాకపోతే ఏమిటన్నది తల్లి అప్పటికే ఆలోచించి పెట్టింది. తను పనిచేస్తున్న పంజాగుట్ట అపార్టుమెంట్లలోనే కూతురికీ రెండిళ్ళు మాట్లాడి ఉంచింది. ఆ సంగతి ఆ పిల్లే నాకు చెప్పింది, నవ్వుతూ.

చుక్క ఆమెకే అని స్టాఫ్ రూంలో తేలిన రోజు నేను నసిగాను.

"ఈ పిల్లకా సార్?" అన్నాను.

మా సోషల్ సారు బల్కంపేట మనిషి. ఎంత గంభీరమైన సంగతైనా చాయ్‌లో ముంచుకుని తినేసే రకం. "దిష్టి తగిలేది సక్కగున్న బిడ్డకే కద మేడం" అన్నాడు. "పబ్లిక్ల కుమ్మేస్తది. గీ చుక్కతోని ఆమెకేం గాదు. ఫికర్ చెయ్యకుండ్రి."

లెక్కల్లో పద్నాలుగు, సైన్సులో పద్నాలుగు, సోషల్లో పద్నాలుగు. కంప్యూటర్లో ఎక్కించింది నేనే. ఆ ఊరేగింపులో నేను దూరంగా నిలబడి చూసినదాన్నని మీరు అనుకోకూడదు. నేనూ బాజా పట్టినదాన్నే.

ఆ తర్వాత ఏమొచ్చిందో మీకు తెలుసు. బడి మూసేశారు. పరీక్షలు వాయిదా వేశారు, ఆ వాయిదాను ఇంకోసారి వాయిదా వేశారు, ఆఖరికి రద్దు చేశారు. పరీక్ష లేదు గనక టీచర్లు వేసిన ఇరవైనే ఐదుతో హెచ్చవేసి నూరు చేస్తామన్నారు. టీవీలో పెద్దలు కూర్చుని, ఏడాదంతా పిల్లల్ని దగ్గరుండి చూసిన టీచరు అంచనాకు మించినది ఏముందన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. మా అంచనాల మీద మాకే లేని నమ్మకం ఇంకొకరికి ఉండటం ఎంత గొప్ప! లెక్కగా చూస్తే తప్పేమీ లేదు. ఐదుతో హెచ్చవేస్తే సున్నా సున్నాగానే ఉంటుంది, అబద్ధం మాత్రం ఐదింతలవుతుంది.

ఫోను మోగింది. సోషల్ సారు.

"మేడం, టీవీ చూసిన్రా?"

"చూశాను."

"చుక్క..." అన్నాడు.

"అవును సార్. చుక్కే."

ఫలితాలు వచ్చాయి. పద్నాలుగును ఐదుతో హెచ్చవేస్తే డెబ్బై, గ్రేడు పాయింట్లలో ఏడు. మా క్లాసులో అందరికీ పదికి పది. చివరి బెంచీలో గోడకు తల ఆనించి నిద్రపోయే అబ్బాయి ఉండేవాడు. గోడ మీద వాడి తలనూనె మరక ఇంకా ఉంది. వాడికీ పదికి పది. వాళ్ళమ్మ మిఠాయి డబ్బా పట్టుకొచ్చి, "మీరంతా వాణ్ణి అనవసరంగా తిట్టారండీ, చూశారా వాడిలో ఎంత ఉందో!" అంది. ఆ మిఠాయి నేనూ తిన్నాను. క్లాసులో ఒక్కర్తికే ఎనిమిదిన్నర. ఎవరికో చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నమే ఆ పిల్ల బడికి వచ్చింది. ముక్కు మీద మాస్కు, దాని మీద ఎర్రబడ్డ కళ్ళు. వరండాలో నాకు దూరంగా నిలబడింది.

"టీచర్, నా ప్రాజెక్టు చూసి రాసినోళ్ళకు ఇరవై వచ్చినయ్. నాకెట్ల పద్నాలుగు?"

సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు, అందుకే దాన్ని గొప్ప మాటల్లో చెప్పను.

"ఇంట్లో చెప్పావా?" అన్నాను.

"లే. నాయినకు రిజల్టు ఇంక రాలేదని చెప్పిన" అంది.

కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్ళాను. మార్కులు ఎక్కించడంలో పొరపాట్లుంటే బడి తరఫున రాసి పంపమని ప్రభుత్వం కొద్దిరోజులు గడువిచ్చింది. ఆ మాటే చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. చెడ్డమనిషి కాదు. బడి అంటే ఆయనకు ప్రాణం. పిల్లలన్నా ఇష్టమే, ఫొటోలో మరీ ఇష్టం.

"ఏమని రాయమంటారు మేడం? ఇరవై రావలసిన పిల్ల అంటే, మరి పద్నాలుగు ఎందుకేశారంటారు. ఆ పిల్ల కాగితాలు తెమ్మంటారు. అవి తెస్తే, మిగతావాళ్ళవి ఏవీ అంటారు. తీగ లాగితే డొంకంతా కదులుద్దండి."

"కదిలితే కదిలింది సార్. ఆ పిల్ల సీటు పోతుంది."

"ఒక్క పిల్ల కోసం అందరి పదులూ పోగొడదామంటారా? ఏంటండీ ఇది, లెక్కల టీచరై ఉండి!" అని నిజంగానే ఆశ్చర్యపోయారు. "పైగా ఫ్లెక్సీకి ఆర్డరు ఇచ్చేశాను."

ఆయన తర్కంలో లోపం లేదు. అదే నా బాధ. ఆ పిల్లది ఒక్కటే నిజమైన చదువు. దానికి నిజమైన మార్కు వేయాలంటే మిగతావన్నీ ఉత్తుత్తివని ఒప్పుకోవాలి. బయటికొచ్చి సోషల్ సారుకు చెబితే, "మేడం, మనం చుక్క బిడ్డకు పెట్టలే. బిడ్డనే చుక్క చేసినం" అన్నాడు. ఆయన చాయ్ లేకుండా మాట్లాడటం నేను విన్నది అప్పుడే.

మర్నాడు ఉదయం ఫ్లెక్సీ వచ్చింది. బడి ముఖం మొత్తం కప్పేంత పెద్దది. పదులొచ్చిన పిల్లలందరి ఫొటోలు, ఒక్కో ఫొటో కింద పదికి పది. మధ్యలో కరస్పాండెంట్ గారు నమస్కారం పెడుతూ, పిల్లలందరినీ కలిపినా తూగనంత పెద్దగా. ఎదురు బడివాళ్ళు అప్పటికే వెదురుబొంగులు పాతేశారు. వాళ్ళకంటే ముందు మనది లేవాలని కరస్పాండెంట్ గారి ఆరాటం. కట్టేవాళ్ళు మాత్రం దొరకడం లేదు. కూలీలు చాలామంది ఊళ్ళకు పోయారు, మిగిలినవాళ్ళు రోగానికి భయపడి గడప దాటడం లేదు. వచ్చింది ఒక్కడే. భుజాన నిచ్చెన, మెడలో తాళ్ళచుట్ట. ఆ పిల్ల తండ్రి.

నేను, సోషల్ సారు మెట్ల మీద నిలబడి చూస్తున్నాం. ఆపుదామనుకున్నాను. ఏమని ఆపాలి? ఆయన ఎడమ పక్క పైన ఒక ముడి వేశాడు, కింద ఒక ముడి వేశాడు. కుడివైపు లాగి కట్టబోతూ, ముడతలు చేత్తో సాపు చేస్తూ, ఒక్కో ముఖం చూడటం మొదలుపెట్టాడు. చివరిదాకా చూశాడు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

"సార్, నా బిడ్డ ఏడుంది?" అని నిచ్చెన మీంచే అడిగాడు. గొంతులో కోపం లేదు. మడతలో ఎక్కడో ఉండిపోయిందనుకున్నాడు.

"ముందు కట్టవయ్యా, తర్వాత చెప్తాను" అన్నారు కరస్పాండెంట్ గారు.

"ఇంకో ఫ్లెక్సీ సుత ఉన్నదా సార్?"

ఇంక నేను ఊరుకోలేకపోయాను. కిందినుంచే చెప్పేశాను. ఎనిమిదిన్నర వచ్చిందని, చదవక కాదని, బడి అవసరానికి మేమే తగ్గించామని. మాస్కులో నా మాట నాకే సరిగా వినపడలేదు. ఆయనకు వినపడింది.

మీరిప్పుడు ఆయన అరిచాడని, ఫ్లెక్సీ చింపేశాడని అనుకుంటారు. అదేమీ లేదు. నిదానంగా దిగాడు. మిగిలిన తాడు చుట్టి మెడలో వేసుకున్నాడు. నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

"జర నడుం పట్టింది సార్. తక్కువైనంక వస్త" అని చెప్పి వెళ్ళిపోయాడు.

రెండు ముడుల మీద వేలాడుతున్న ఫ్లెక్సీ గాలికి కుడివైపు నుంచి ముందుకు మడతపడింది. పదికి పదులు సగం గోడకు, సగం రోడ్డుకు వీపు తిప్పాయి. కరస్పాండెంట్ గారి నమస్కారంలో ఒక చేయి మిగిలింది. ఆయన ఫోను పట్టుకుని హైదరాబాదంతా గాలించారు. ఒక్కడూ రాలేదు. మధ్యాహ్నానికి ఎదురు బడి ఫ్లెక్సీ లేచింది, ఇస్త్రీ చేసినట్టుగా. ఇటు తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. నిద్రపోయే అబ్బాయి తల్లి, "మా బాబు మొహం మడతలో పడిందండీ, ఇంత సాధించిన పిల్లాడికి మీరిచ్చే గౌరవం ఇదేనా?" అని నిలదీసింది. నిలదీసే తల్లిదండ్రులకు చుక్క పెట్టకూడదన్న సూత్రం ఎంత దూరాలోచనతో పెట్టారో నాకప్పుడు అర్థమైంది.

సాయంత్రం కరస్పాండెంట్ గారు నన్ను పిలిచారు. చెమటతో మాస్కు తడిసిపోయింది.

"ఏం రాస్తే డొంక కదలదండీ?" అన్నారు.

దానికి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. "తప్పు నాదని రాయండి. మార్కులు ఎక్కించింది నేనే కదా. చూపు ఆనక ఇరవైకి బదులు పద్నాలుగు కొట్టానని రాయండి."

"మూడు సబ్జెక్టుల్లోనా?"

"వయసైపోతోంది సార్. మూడు సబ్జెక్టుల్లోనూ ఆనలేదు."

"మీకు మెమో ఇవ్వాల్సొస్తుంది మరి."

"ఇవ్వండి."

పక్కనే ఉన్న సోషల్ సారు, "సోషల్ది నా మీద రాయుండ్రి సార్. నాకు సుత చూపు ఆనదు" అన్నాడు. ఇద్దరికి ఒకేసారి కళ్ళు పోతే అనుమానం వస్తుందని ఆయన్ని ఆపాల్సొచ్చింది. నిజం రాస్తే ఆ కాగితం ఏ ఆఫీసులోనూ చెల్లదు. అబద్ధాన్ని దిద్దాలంటే దానికి సరిజోడు అబద్ధమే కావాలి. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి నేను నేర్చుకున్న సూత్రం ఇది. కరస్పాండెంట్ గారు సంతకం పెట్టారు. పిల్ల మీద జాలితోనో న్యాయం కోసమో పెట్టారని నేను ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి. ఫ్లెక్సీ కోసం పెట్టారు.

మర్నాడు తండ్రి నడుం నొప్పి తగ్గింది. వచ్చి కుడివైపు ముడులు బిగించాడు. పిల్ల ఫొటో విడిగా అచ్చు వేయించి తెచ్చారు. అతికించడానికి ఎక్కడా ఖాళీ లేదు. ఆఖరికి కరస్పాండెంట్ గారి భుజం మీద అతికించారు. ఆ వర్షాకాలమంతా ఆ పిల్ల ఆయన భుజమెక్కి కూర్చునే ఉంది.

కాగితం పట్టుకుని ఆఫీసుకు నేనే వెళ్ళాను. అక్కడి గుమాస్తా దాన్ని చదివి, నన్ను పైనించి కిందికి చూసి, "రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది కదమ్మా, గింత నిర్లక్ష్యమా? పిల్లల జీవితాలు ఖరాబైతయి" అని మందలించాడు. చేతులు కట్టుకుని విన్నాను. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. కొన్నాళ్ళకు మార్కులు మారాయి. ఆ పిల్లకూ పదికి పది.

కథ ఇక్కడ ఆపితే నాకు బాగుండేది. కాలేజీ సీట్ల దగ్గర చూస్తే రాష్ట్రమంతా పదులే. ఒక్క మా కరస్పాండెంట్ గారే తెలివైనవారు అనుకోవడం నా అమాయకత్వం. సందు సందుకూ ఒకరున్నారు. సీట్లకంటే పదులు ఎక్కువైపోయాయి. అందరూ సమానమైనప్పుడు ఎవరికివ్వాలి? నిబంధనల్లో ఉంది. పుట్టిన తేదీ చూసి, వయసులో పెద్దవాళ్ళకివ్వాలి. అంతే. చదివినవాళ్ళెవరో, దించుకున్నవాళ్ళెవరో, నిద్రపోయినవాళ్ళెవరో తేల్చే పని మా నుంచి మంత్రసానులకు బదిలీ అయింది.

ఆ పిల్లకు సీటొచ్చింది. ఆమె తెలివికి కాదు. నా మెమోకూ కాదు. గుడిసెలు మారుతూ పోగొట్టుకున్న ఆ ఒక్క ఏడాదికి వచ్చింది. తండ్రి బడికొచ్చి, మెట్ల మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"గా ఒక్క ఏడు నేనే ఖరాబు చేసిననని ఇన్నేండ్లు మస్తు బాధపడ్డ మేడం. గదే పనికొచ్చెనా?" అన్నాడు.

ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

తర్వాతి ఏడాది కూడా పరీక్షలు జరగలేదు. కరస్పాండెంట్ గారు ఈసారి ఎందుకైనా మంచిదని చుక్క ఎత్తేశారు. క్లాసు మొత్తానికి ఇరవైకి ఇరవై వేశాం. పరిశీలనకు వచ్చేవాళ్ళు లేరు గనక బిర్యానీ మిగిలింది. ఆ ఏడే నేను రిటైరయ్యాను. సన్మానసభలో ఆయన నా సేవలను మెచ్చుకుంటూ, "పొరపాట్లు మానవసహజం, మేడం గారి మీద ఉన్నది ఒకే ఒక్క మెమో" అన్నారు పెద్దమనసుతో. నిజమే. నేను చేయని తప్పు ఒక్కటే నా రికార్డులో ఉంది. చేసినవాటన్నిటికీ నాకు ఇరవైకి ఇరవై.

మొన్న ఆ పిల్ల కాలేజీ నుంచి ఫోను చేసింది. చదువు బాగానే సాగుతోందట. అక్కడి పిల్లలు కూడా అక్కా అని ఏడిపిస్తున్నారా అని అడిగాను.

"లే టీచర్" అంది నవ్వుతూ. "ఈడ మా క్లాసుల అందరికంటె నేనే చిన్న."